వానకు కారెడు వ్యాను – చలికి తిరుగని పంకా

"నీరు పల్లమెరుగును" అని మన పెద్దలు చెప్పినారు. వ్యాను నడుపువారును, బాగుచేయువారును ఈ మాటను మరువరాదు. నీరు లోనికి వచ్చు చోటు ఒకటి, మనకు కనబడు చోటు మరియొకటి. కప్పుమీది సామానుల చట్రమునకు బిగించిన బోల్టు ప్రక్కనుండి దిగిన చుక్క లోపలి రేకు వెంట జారి, తలుపు స్తంభము చాటున దిగి, చివరకు డ్రైవరు కాళ్ళ వద్ద మడుగు కట్టును. మడుగు కట్టిన చోట ఎంత బంక పూసినను ప్రయోజనము లేదు.

నేడు అనేక గ్రామములకు వ్యానే బండి, వ్యానే బస్సు. బడి పిల్లలు, పాల క్యానులు, కూరగాయల గంపలు, ఆసుపత్రికి పోవు రోగులు అందులోనే ప్రయాణము చేయుదురు. కనుక వ్యానులోనికి నీరు కారుట చిన్న అసౌకర్యము మాత్రమే యని తలచరాదు. అది ప్రాణములకు సంబంధించిన విషయమగుట ఎట్లో ముందుగా చూతము.

చూపు మూసికొనిపోవుట

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డులో, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున, లంబసింగి గ్రామము ఉన్నది. చలికాలమున తెల్లవారుజామున అక్కడ పొగమంచు దట్టముగా క్రమ్మును. అట్టి వేళ సంతకు పోవు ఒక వ్యానును మేము చూచితిమి. డ్రైవరు ఒక చేత చక్రము పట్టుకొని, రెండవ చేత తువ్వాలుతో అద్దమును లోపలివైపున తుడుచుచుండెను. వెనుక పదిమంది కూర్చుండిరి. అద్దమునకు గాలి విసరు పంకా తిరుగుటలేదు. కాళ్ళ క్రింది పట్టా నానియున్నది. ఆ తడియు, ప్రయాణికుల ఊపిరియు కలిసి చల్లని అద్దముపై ఆవిరిగా పట్టుచుండెను.

గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 11 మీటర్లు సాగును. అద్దము తుడుచుకొనుటకు 3 సెకనులు పట్టినచో, ఆ డ్రైవరు 33 మీటర్ల దూరము చూపు లేకయే నడపినట్లగును. ఘాటు రోడ్డు మలుపునకు అంత దూరము కూడ అక్కరలేదు.

ఆ వ్యాను యజమాని పంకాకు సంబంధించిన ఒక భాగమును అంతకుముందే మూడుసార్లు మార్పించినాడట. మార్చిన ప్రతిసారియు అది మరల కాలిపోయెను. కారణమేమో చివర చెప్పుదుము.

ఆ నీరు ఎక్కడిది?

వ్యానులో కనబడు నీరు మూడు విధములు. మొదట అది ఏ విధమైనదో తెలిసికొనవలెను.

మొదటిది వాన నీరు. వాన కురిసినప్పుడో, బండిని కడిగినప్పుడో మాత్రమే ఇది కనబడును. రెండవది ఎ.సి. నీరు. ఇది ఎ.సి. నడుచుచున్నప్పుడు మాత్రమే కనబడును. దీనికి రంగు ఉండదు, జిగట ఉండదు. ఈ నీరు సన్నని గొట్టము ద్వారా బండి క్రిందికి పోవలెను. గొట్టములో మట్టి చేరినచో లోపలనే పొర్లును. గొట్టమును శుభ్రము చేసినచో చాలును.

మూడవది ఇంజను చల్లబరచు కూలెంటు నీరు. హీటరు వేడిగాలికి మూలము ఈ వేడినీరే. ఇది రంగుగా, జిగటగా ఉండును. తీపి వాసన కొట్టును. అద్దముపై నూనె వంటి పొర పట్టించును. సీసాలో కూలెంటు మట్టము తగ్గుచుండును. ఇట్టి గుర్తులున్నచో డ్యాష్‌బోర్డు లోపలి హీటరు పెట్టెయో, దాని గొట్టములో కారుచున్నవని భావించి వెంటనే మెకానిక్కునకు చూపవలెను. కూలెంటు విషపదార్థము. తీపిగా ఉండుటచే పశువులు, కుక్కలు త్రాగు అపాయము కలదు. ఎన్నడును దానిని రుచి చూడరాదు, పిల్లలకు అందనీయరాదు, కాలువలో పారబోయరాదు. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయరాదు.

వాన నీటి దారి వెదకుట

ఈ పనికి ఇద్దరు కావలెను. ఒకరు తలుపులు మూసికొని టార్చిలైటుతో లోపల కూర్చుండవలెను. మరియొకరు బయటనుండి గొట్టముతో నీరు సన్నగా పోయవలెను. వేగముగా చిమ్మరాదు. నీటిని ముందు క్రింది భాగమునుండి మొదలుపెట్టి క్రమముగా పైకి పోవలెను. ఒక్కొక్క చోట 5 నిమిషములు ఆగవలెను. మొదటనే కప్పుపై పోసినచో నీరు అన్నిచోట్లకు ప్రాకి, లోపము ఎక్కడ ఉన్నదో తెలియకపోవును. లోపలి రేకుపై పొడి ముగ్గుపిండిని పలుచగా చల్లినచో, నీరు పారిన దారి దానిపై చారగా కనబడును.

తలుపు రబ్బరు బీడింగును పరీక్షించుటకు ఒక కాగితము చాలును. కాగితమును అడ్డముగా పెట్టి తలుపు మూసి లాగవలెను. బిగువుగా వచ్చినచో బీడింగు మంచిది. వట్టిగా జారి వచ్చినచో ఆ చోట రబ్బరు అణగిపోయినదని గ్రహించవలెను.

ముఖ్యముగా చూడవలసిన చోట్లు ఇవి: ముందు అద్దము చుట్టును గల అంచు, కప్పు రేకుల అతుకులు, సామానుల చట్రము బోల్టులు, వెనుక దీపముల రబ్బరులు, ఇంజను వైపునుండి వైర్లు లోనికి వచ్చు రంధ్రముల రబ్బరు బిళ్ళలు, ముందు అద్దము క్రింద వైపర్లు ఉన్న చోటి తొట్టి వంటి పల్లము. ఈ తొట్టిలో ఆకులు, అలములు చేరినచో నీరు బయటికి పోవు దారి మూసికొని, లోపలికి పొర్లును. చాల వ్యానులలో పంకాకు గాలి పోవు దారియు ఇదియే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు.

మూయవలసినది, మూయరానిది

తలుపుల అడుగున చిన్న రంధ్రములుండును. కిటికీ అద్దము వెంట తలుపులోనికి దిగిన నీరు వీటిద్వారా బయటికి పోవును. అట్లే తొట్టికిని నీరు పోవు దారులుండును. తెలియనివారు వీటినే కంతలని భావించి బంకతో మూసివేయుదురు. అప్పుడు నీరు నిలిచి తలుపు తుప్పు పట్టును. వీటిని పుల్లతో శుభ్రము చేయవలెనేకాని మూయరాదు.

మూయవలసిన అతుకును ముందు బాగుగా ఆరనిచ్చి, పాత బంకను, తుప్పును గోకివేసి, ప్రైమరు పూసి, ఆరిన పిదప బండ్ల అతుకులకు తగిన సీలెంటు పెట్టి రంగు వేయవలెను. తడి రేకుపైనను, తుప్పుపైనను ఏ మందును నిలువదు. వెనిగరు వాసన గల సిలికోను బంకలు ఇనుప రేకునకు తుప్పు తెచ్చును కనుక వాడరాదు. బంకతో అతికించిన ముందు అద్దమును ఇంటివద్ద ఊడదీయరాదు. బండి కప్పునకు ఆ అద్దము కూడ బలమిచ్చును. ఆ పని తెలిసినవారే చేయవలెను.

పని ముగిసిన తరువాత పట్టాలను, వాటి క్రింది మెత్తను బయటికి తీసి ఎండబెట్టవలెను. మెత్తలోని తడి పోనంతవరకు అద్దముపై ఆవిరి పోదు, నేల రేకు తుప్పు ఆగదు.

పంకా లోపములు

పంకా తన లోపమును తానే చెప్పును. విను ఓపిక మనకు ఉండవలెను.

గలగల చప్పుడు వచ్చినచో రెక్కలలో ఆకులో, ఎలుకలు తెచ్చిన చెత్తయో పడియుండును. కీచుమను శబ్దము వచ్చినచో ఇరుసు వద్ద అరుగుదల. మోటారు తిరుగుచు, గాలి మాత్రము తక్కువగా వచ్చినచో గాలి వడపోత మూసికొనియుండును. పెద్ద వేగములో మాత్రమే తిరిగి, తక్కువ వేగములలో తిరుగకున్నచో సాధారణముగా రెసిస్టరు కాలియుండును. పంకాకు పోవు విద్యుత్తును తగ్గించి తక్కువ వేగములను కలిగించు చిన్న భాగమే రెసిస్టరు. పంకా తిరుగుచు, వేడిగాలి మాత్రము రాకున్నచో దోషము పంకాలో లేదు. కూలెంటు మట్టమును చూడవలెను.

ఏ వేగములోను తిరుగకున్నచో ముందు ఫ్యూజును చూడవలెను. కాలినచో అదే ఆంపియర్ల ఫ్యూజును వేయవలెను. పెద్దది వేయుట, తీగ చుట్టుట ఎన్నడును కూడదు. ఫ్యూజు కాలుట బండిని రక్షించుటకే. దానిని మోసగించినచో వైరు కాలును, పిమ్మట బండియే కాలును.

ఫ్యూజు బాగున్నచో 12 వోల్టుల పరీక్ష దీపమును తీసికొని, తాళము త్రిప్పి, పంకా మీటను పెద్ద వేగమున ఉంచి, మోటారునకు వచ్చు రెండు వైర్ల కొనలకు తాకించవలెను. దీపము బాగుగా వెలిగినచో విద్యుత్తు వచ్చుచున్నది, దోషము మోటారులో ఉన్నది. వెలుగకున్నచో రిలే, మీట, వైర్ల జోడింపులు, బండి రేకునకు బిగించిన ఎర్తు బోల్టు – వీటిని వరుసగా చూడవలెను. తడిసిన బండ్లలో ఎర్తు బోల్టు తుప్పు పట్టుట సాధారణము. గోకి బిగించినంతనే పంకా తిరుగవచ్చును.

భాగములు విప్పుటకు ముందు బ్యాటరీ నెగెటివు వైరును తీయవలెను. ఎయిరుబ్యాగులకు పోవు పసుపుపచ్చ వైర్లను తాకరాదు. రెసిస్టరునకు బదులు ఎలక్ట్రానిక్ నియంత్రకము గల క్రొత్త వ్యానులను మెకానిక్కునకే అప్పగించుట మేలు. కాలిన వాసన వచ్చినచో పంకాను తక్షణమే ఆపవలెను.

మూడుసార్లు కాలిన రెసిస్టరు

ఇప్పుడు మొదట చెప్పిన వ్యాను సంగతి. రెసిస్టరు పనిచేయుచు వేడెక్కును. అందుచే దానిని పంకా గాలి తగులు చోటనే అమర్చుదురు. ఆ వ్యానులో వైపర్ల క్రింది తొట్టి ఆకులతో నిండెను. వాన నీరు పొర్లి పంకాపై పడి, మోటారు ఇరుసు తుప్పు పట్టి బిగిసెను. బిగిసిన మోటారు ఎక్కువ విద్యుత్తును లాగెను. గాలి తగ్గెను, వేడి పెరిగెను, రెసిస్టరు కాలెను. మూడుసార్లును కాలిన దానిని మార్చినారేకాని, కాల్చిన దానిని వెదకలేదు. నాలుగవసారి తొట్టిలోని రెండు దోసిళ్ళ ఆకులను తీసివేసి, నీరు పోవు దారిని శుభ్రపరచి, మోటారును మార్చిరి. పిమ్మట పట్టా తడియలేదు, పంకా ఆగలేదు.

కావున వ్యాను గల సోదరులు వానకాలమునకు ముందొకసారి, చలికాలమునకు ముందొకసారి తొట్టిని, తలుపుల రంధ్రములను, బీడింగులను, పంకాను చూచుకొనవలెను. చెట్టుక్రింద బండి నిలుపువారు మరింత తరచుగా చూడవలెను. దారిలో పంకా ఆగి అద్దము మసకబారినచో తుడుచుచు నడుపరాదు. సురక్షితమైన చోట బండి నిలిపి, దీపములు వెలిగించి, ఇరువైపుల కిటికీలను కొంచెము తెరచి, చూపు తేటపడిన పిదపనే కదలవలెను. సంతకు అరగంట ఆలస్యముగా చేరినను నష్టము లేదు. వెనుక కూర్చున్న పదిమందియు డ్రైవరు చూపుమీదనే నమ్మకముంచి బండి ఎక్కినారు.