సూపర్‌మార్కెట్ సొంత బ్రాండు ఊరగాయ: సీసా వెనుక చదవవలసినది

ఆవకాయ పెట్టాలంటే మేడ మీద ఎండ, పెద్ద జాడీ, నాలుగు రోజుల తీరిక కావాలి. బెంగళూరు, పుణె, చెన్నై వంటి నగరాల అద్దె ఇళ్లలో ఈ మూడూ ఒకచోట కుదరడం అరుదు. అందుచేత అనేక తెలుగు కుటుంబాలలో పెరుగన్నం పక్కకు చేరేది సూపర్‌మార్కెట్ సీసాలోని ఊరగాయే. అక్కడ పేరున్న కంపెనీల సరుకు పక్కనే ఆ దుకాణపు సొంత బ్రాండు సీసా తక్కువ ధరకు కనిపిస్తుంది.

ధర తగ్గినంత మాత్రాన సరుకు నాసిరకమని భావించనక్కరలేదు. ప్రకటనల ఖర్చు లేకపోవడం కూడా అందుకు ఒక కారణం. ఇటువంటి సీసాలను దుకాణాలు సాధారణంగా వేరొక తయారీదారు చేత చేయించి, తమ పేరు వేసుకుంటాయి. ఆ తయారీదారు పేరు, చిరునామా, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య సీసాపై ఉంటాయి.

ధరలను పోల్చేటప్పుడు సీసా ధర కాక గ్రాము ధర చూడాలి. 300 గ్రాములది రూ. 75, 500 గ్రాములది రూ. 110 అనుకుంటే, మొదటిది గ్రాముకు 25 పైసలు, రెండవది 22 పైసలు. ఈ లెక్క చాలా సీసాలపై గరిష్ఠ ధర పక్కనే చిన్న అక్షరాలలో ముద్రించి ఉంటుంది. కిలోకు లోపు సరుకైతే గ్రాముకు, మించితే కిలోకు వేస్తారు గనుక పోల్చే ముందు రెండింటినీ ఒకే కొలతలోకి మార్చుకోవాలి.

తరువాత చూడవలసినది దినుసుల పట్టిక. అందులో ఎక్కువ బరువున్న దినుసు ముందు వస్తుంది. మామిడి ముక్కల కంటే ముందు నూనె, ఉప్పు కనిపిస్తే ఆ చౌకదనానికి కారణం తెలిసినట్టే. నూనె ఏదో కూడా చదవాలి. నువ్వుల నూనెతో కలిపినదానికీ పామోలీన్‌తో కలిపినదానికీ వాసనలోనే తేడా తెలుస్తుంది. మామిడి ఊరగాయలన్నీ ఆవకాయలు కావన్నది మరొక సంగతి. సోంపు, కలోంజీ, ఆవనూనె ఉంటే అది ఉత్తరాది అచార్. ఆవపప్పు, మెంతులు, ఇంగువ ఉంటే మహారాష్ట్ర పద్ధతిది కావచ్చు. తమిళుల మావడు, కన్నడిగుల మిడి ఉప్పినకాయి లేత మామిడి పిందెలతో చేసేవి. వాటి రుచి వాటిదే. కాని ఆవపిండి ఘాటు కోరి కొన్నవారికి అవి ఆవకాయ లోటు తీర్చవు.

రుచి మాట ఎలా ఉన్నా, రోజూ తినే పదార్థానికి అసలు పరీక్ష ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు రోజు మొత్తంలో తినే ఉప్పు 5 గ్రాములకు లోపు ఉండాలి. సీసాపై సాధారణంగా ఉప్పు అని కాక సోడియం అని, మిల్లీగ్రాములలో రాస్తారు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఉప్పు ఎన్ని గ్రాములో వస్తుంది. ఉదాహరణకు ఒక సీసాలో 100 గ్రాములకు సోడియం 4,800, మరొకదానిలో 3,600 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుంటే, ఉప్పు వరుసగా 12 గ్రాములు, 9 గ్రాములు. పూటకు 15 గ్రాముల చొప్పున రెండు పూటలా వేసుకునేవారికి మొదటి సీసా నుండి 3.6 గ్రాములు, రెండవదాని నుండి 2.7 గ్రాముల ఉప్పు చేరుతుంది. కూర, చారు, మజ్జిగలోని ఉప్పు ఇంకా లెక్కలోకి రాలేదు. రక్తపోటు ఉన్నవారి ఇంట ఈ తేడా రూపాయల తేడా కంటే పెద్దది. ఒక వడ్డనకు ఇంత అని రాసిన అంకెలతో పోల్చరాదు. ఆ వడ్డన ఒకరికి 10 గ్రాములైతే మరొకరికి 15.

ఇంటి ఊరగాయకూ ఈ లెక్క వర్తిస్తుంది. దానిని నిలువ ఉంచేది ప్రధానంగా ఉప్పే. కంపెనీల సరుకులో ఆ పనికి ఉప్పుతోపాటు ఎసిటిక్ ఆమ్లం (ఐ.ఎన్.ఎస్. 260), సోడియం బెంజోయేట్ (ఐ.ఎన్.ఎస్. 211) వంటివి చేరుస్తారు. మామిడి పులుపు కాక వెనిగర్ పులుపు నాలుకకు తగిలితే అది మొదటిదాని ప్రభావం కావచ్చు.

కొత్త బ్రాండును మొదట చిన్న సీసాతో పరీక్షించడం మేలు. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్నప్పుడు గడువు తేదీ తప్పక చూడాలి. మూత తీశాక తడి చెంచా తగలరాదు. బూజు పట్టితే పైపొర తీసి మిగిలినది వాడుకోవడం కాక, మొత్తం పారవేయాలి. గడువు దాటకముందే, మూత తీయకముందే చెడి ఉంటే బిల్లు, సీసా భద్రపరచి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ ఫిర్యాదు చెప్పుకోవచ్చు.