ఏం బిడ్డా, సీటొచ్చిందా?

బొగ్గు గనుల ఊరు మందమర్రిలో ఎదురుచూపులు ఎవరికీ కొత్త కాదు. నాన్న మెడికల్ బోర్డు పిలుపు కోసం, అన్న డిపెండెంట్ ఉద్యోగం ఆర్డరు కోసం ఎన్ని నెలలు చూశారో సింగరేణి క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు తెలుసు. అక్కడ మన చేతిలో ఏమీ ఉండదు, ఫైలు కదలాలి. గేట్ రాసి ఎంటెక్ సీటు కోసం చూస్తున్నవాళ్లు ఇదీ అలాంటిదే అనుకుంటారు. దెబ్బతినేది అక్కడే.

గేట్ ఫలితాలు మార్చిలో వస్తాయి. ఐఐటీల ఆఫర్లు ‘కోప్’ పోర్టల్‌లో కనిపించేది మామూలుగా మేలో. ఈ మధ్య కాలం ఖాళీ కాదు. కోప్‌లో రిజిస్టర్ అయితే దరఖాస్తు చేసినట్టు కాదు. ధన్‌బాద్‌కు, ఖరగ్‌పూర్‌కు దేనికది విడిగా పెట్టాల్సిందే. ఎన్‌ఐటీలకు సీసీఎంటీ, మన రాష్ట్రంలోని కాలేజీలకు పీజీఈసెట్ కౌన్సెలింగ్ ఉన్నాయి. బీసీ పిల్లలైతే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ఫార్మాట్‌లో తీసుకోవాలి. చాలా సంస్థలు ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాతి తేదీతో అడుగుతాయి. మీసేవ, తహసీల్దారు ఆఫీసు తిరుగుడు మేలో పెట్టుకుంటే గుండె దడే.

ఆఫర్ వచ్చాక మూడు దారులు: ఒప్పుకుని అక్కడితో ఆగడం, చేతిలో ఉంచుకుని ఇంకా మంచిదాని కోసం చూడటం, వద్దని చెప్పి తర్వాతి రౌండు కోసం చూడటం. అంటే ఇక్కడ ‘వెయిట్’ అనేది మనం నొక్కే బటన్. మూడోది నొక్కితే ఆ కోర్సు ఆ సీజన్‌లో మళ్లీ రాదు. ఫ్రెండుకు బాంబే వచ్చిందన్న ఉక్రోషంతో దాన్ని నొక్కినవాళ్లున్నారు. ఒక్కో రౌండుకు గడువు కొద్ది రోజులే కాబట్టి, ఏ కోర్సు కంటే ఏది మేలో ఏప్రిల్‌లోనే కాగితం మీద రాసి పెట్టుకోండి. అన్నీ తప్పినా గేట్ స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. మైనింగ్ వాళ్లయితే ఈలోపు గ్యాస్ టెస్టింగ్ పరీక్షకు చదువుకోవచ్చు.

అమెరికాకు పెట్టినవాళ్లకు ఏప్రిల్ 15 ముఖ్యం. ఈ తేదీపై కుదిరిన ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కు అంతకంటే ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు.

అన్నిటికంటే కష్టమైన మాట ఇంట్లోది. నాన్నను మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే ఉద్యోగం నీకే అన్న ఆశ చాలా ఇళ్లలో ఉంటుంది, తప్పేం కాదు. కానీ ఆ మాట మొదటి రౌండుకు ముందే తేల్చుకోవాలి. గడువు ముగిసే పూట, నాన్న నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన కళ్లతో కూర్చున్నప్పుడు కాదు.

ఇక పక్క క్వార్టర్ పెద్దమ్మ రోజూ అడుగుతుంది. ముఖం దాచుకోకుండా తారీఖు చెప్పేయండి: “రెండో రౌండు సోమవారం అయిపోతది పెద్దమ్మా, గప్పుడు చెప్త.”