మాగాణి బురదలో నత్రజని పైరునకు చేకూరు విధము

విజయనగరరాజుల కాలమున గుండ్లకమ్మపై కట్టబడిన కంభము చెరువు క్రిందను, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల చిన్నచెరువుల క్రిందను వరి పండించు సోదరులకు యూరియా బస్తా వెల యెంతయో తెలియును. అందలి సారములో పైరు గ్రహించు భాగమెంతయో ఎఱిగినవారు తక్కువ. 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని యున్నది. నీటిలో చల్లినచో నూటికి 30 మొదలు 40 పాళ్లు మాత్రమే పైరునకు దక్కుట సామాన్యము. తక్కినదానిలో కొంత మట్టిలో మిగులును, చాలభాగము గాలిపాలగును. దీని కారణమును, నివారణమును ఈ పాఠమున తెలిసికొందము.

1. మట్టిలోని నత్రజని

మట్టియందలి నత్రజని మిక్కిలిగా కుళ్లిన ఆకులు, వేళ్లు, పెంట మొదలగువానిలో బంధింపబడి యుండును. వేళ్లు దానిని నేరుగా పీల్చజాలవు. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని జీర్ణము చేసి అమోనియాగా విడుదల చేయును. మెట్టపొలమున గాలి తగులుటచే వేరొక జాతి సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రేటుగా మార్చును. జొన్న, మిరప మొదలగు పైర్లు ఎక్కువగా ఈ నైట్రేటునే గ్రహించును.

2. నీరు నిలిచిన పిమ్మట

మడిలో నీరు నిలిచిన కొద్దిదినములలోనే మట్టియందలి ప్రాణవాయువు హరించును. గాలి లేనిచోట నైట్రేటు పుట్టదు. నత్రజని అమోనియాగానే నిలుచును. బంకమట్టి రేణువులు దానిని పట్టియుంచును; వరి దానిని చక్కగా గ్రహించును. ఎరువు వేసిన పొలమున సైతము వరి తినునత్రజనిలో సగమునకు తక్కువ కానిభాగము సాధారణముగా మట్టినుండియే వచ్చును. నీటియందలి కొన్ని నీలహరితపు నాచులు గాలిలోని నత్రజనిని మడికి చేర్చునని 1939లో పి. కె. డే గారు నిరూపించిరి.

3. నష్టము కలుగు మార్గములు

మొదటిది: నీటిపై చల్లిన యూరియా అమోనియాగా మారును. పగటివేళ నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును హరింపగా నీరు క్షారమగును; అప్పుడు అమోనియా గాలిలోనికి లేచిపోవును.

రెండవది: బురద పైభాగమున కొద్ది మిల్లీమీటర్ల పొరకు మాత్రము నీటిద్వారా గాలి అందును. అచ్చట అమోనియా నైట్రేటై క్రిందికి దిగును. గాలిలేని క్రిందిపొరలోని సూక్ష్మజీవులు దానిని నత్రజని వాయువుగా మార్చి వెడలగొట్టును.

మూడవది: చెరువునీరు చాలక మడి యెండి నెరియలు విచ్చినచో గాలి లోతునకు చొచ్చి, నిలువయున్న అమోనియాను నైట్రేటు చేయును. మరల నీరు పెట్టగానే ఆ నైట్రేటు రెండవ మార్గముననే పోవును. నీటి యెద్దడిగల మన ప్రాంతమున ఈ నష్టమును విశేషముగా గమనింపవలయును.

4. చేయవలసిన పనులు

(అ) నత్రజనిని ఒక్కమారుగా వేయక, దమ్ములోను, పిలకలు వేయునప్పుడును, అంకురము ఏర్పడు దశయందును మూడు భాగములుగా వేయవలయును. దమ్ములో వేయుభాగము మట్టిలో బాగుగా కలియవలయును.

(ఆ) పైపాటుగా వేయునప్పుడు నీటిని తీసివేసి, బురదపదనులో సమముగా చల్లి, 36 మొదలు 48 గంటల పిమ్మట పలుచగా నీరు పెట్టవలయును.

(ఇ) లోతునీరు అక్కరలేదు. నీరు కొఱతయైనచో బురదతడి ఆరకుండ కాపాడిన చాలును. నెరియలు మాత్రము విచ్చనీయరాదు.

(ఈ) తొలివానకు జీలుగ గాని జనుము గాని చల్లి, పూతకు వచ్చునప్పుడు దమ్ములో కలియదున్నవలయును. టన్ను పచ్చిరొట్టలో సుమారు 4, 5 కిలోల నత్రజని యుండును. అది క్రమముగా అమోనియాగా విడుదలయై పైరునకు అందును.

సంఘమునందు అప్పుచేసి కొనిన యెరువు పైరునకు చేరినను, గాలిలో కలిసినను వడ్డీ మాత్రము ఒక్కటియే. కావున ఈసారి ఒక మడిలో నీరు తీసి బురదలోను, ప్రక్కమడిలో వాడుక చొప్పున నీటిపైనను సమానముగా యూరియా వేసి, కోతనాడు రెండు మడుల ధాన్యమును వేఱువేఱుగ తూచి చూడుడు.