సాధన వార్తను ఎట్లా చదవాలి? – సంవత్సరాంతపు పాఠం

  

పరీక్షలు అయిపోవస్తున్నయి. ట్రంకు పెట్టెలు సర్దుకొనే రోజులు దగ్గర పడ్డయి. ఈ నెలలో ఏ బడికి పోయినా గోడ మీద ఒక్కటే రకం వార్తలు కనిపిస్తయి. "పదో తరగతిలో ఇంత శాతం ఉత్తీర్ణత", "ఆటల్లో మొదటి బహుమతి", "ఫలానా విద్యార్థికి ఎక్కువ మార్కులు". ఇవి చదివి చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా. కానీ చప్పట్లు కొట్టుడు వేరు, వార్తను అర్థం చేసుకొనుడు వేరు.

లెక్కల సార్ ఒక జవాబు చూసి "ఎట్లా వచ్చింది, చేసి చూపించు" అంటరు కదా! సాధన వార్త కూడా ఒక జవాబే. అది ఎట్లా వచ్చిందో చూడాలంటే మూడు ప్రశ్నలు అడగాలి.

1. ఎంతమందిలో?
2. ఎన్ని మెట్లు ఎక్కి?
3. వెనక వచ్చేవాళ్లకు ఏం మిగిలింది?

ఒక్కొక్క ప్రశ్నను ఒక్కొక్క ఉదాహరణతో నేర్చుకుందాం.

మొదటి ప్రశ్న: ఎంతమందిలో?

ఇది ఎనిమిదో తరగతి శాతాల లెక్కే. రెండు బడులు ఉన్నయి అనుకుందాం. పేరు వద్దు, "అ" బడి, "ఆ" బడి అందాం.

"అ" బడిలో అయిదో తరగతిలో 40 మంది చేరిండ్రు. పదో తరగతి పరీక్ష రాసినవాళ్లు 32 మంది. 32 మందీ పాసయిండ్రు. గోడ మీద వార్త: నూటికి నూరు శాతం!

"ఆ" బడిలో కూడా అయిదో తరగతిలో 40 మంది చేరిండ్రు. పరీక్ష రాసినవాళ్లు 39 మంది. పాసయినవాళ్లు 36 మంది. 36ను 39తో భాగించి 100తో గుణిస్తే 92.3 శాతం.

గోడ మీద చూస్తే "అ" బడి గెలిచింది. ఇప్పుడు చేరినవాళ్ల నుంచి లెక్క వేయండి. "అ" బడిలో 40 మందికి 32 మంది, అంటే 80 శాతం. "ఆ" బడిలో 40 మందికి 36 మంది, అంటే 90 శాతం. లెక్క తిరగబడింది చూసిండ్రా? భాగించేటప్పుడు కింద ఏ అంకె పెట్టినమో దాన్ని బట్టి జవాబు మారుతది.

"అ" బడి అబద్ధం చెప్పలేదు. పరీక్ష రాసినవాళ్లలో అందరూ పాసయిన మాట నిజమే. కానీ మధ్యలో బడి విడిచిన ఎనిమిది మంది ఆ వార్తలో లేరు. వాళ్లు ఎటు పోయిండ్రు అనేది మొదటి ప్రశ్న.

మన వైపు పిల్లలు ఎటు పోతరో మనందరికీ ఎరుకే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరుడు. మే నెలలో తునికాకు తెంపుడు, కట్టలు కట్టుడు. జూన్‌లో తొలకరి వాన పడంగనే పత్తి గింజలు పెట్టే పని. బడి తెరిచేది కూడా జూన్ రెండో వారంలోనే! ఇంటికాడ చేతులు తక్కువ ఉంటయి. "ఈ వారం ఆగి పోరాదు బిడ్డా" అంటరు. వారం పదిహేను రోజులైతది. పదిహేను రోజులు దసరా దాక పోతది. తర్వాత "ఇప్పుడు పోతే పాఠాలు అర్థం కావు" అని సిగ్గు పడతరు. అట్ల ఒక పేరు హాజరు పట్టీ నుంచి పోతది. ఎవరూ కోపంతో మానిపించలేదు, పని అట్ల వచ్చింది. ఇంటివాళ్లను తప్పు పట్టుడు కాదు ఈ పాఠం. ఎక్కడ జారుతున్నమో తెలుసుకొనుడు ఈ పాఠం.

రెండో ప్రశ్న: ఎన్ని మెట్లు ఎక్కి?

2014 మే 25న మన పక్క జిల్లా గురుకులం విద్యార్థిని ఒకరు ప్రపంచంలోనే ఎత్తయిన ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఆమే మాలావత్ పూర్ణ. ఊరు నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. లంబాడా కుటుంబం, అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి. వయసు 14 ఏండ్లు కూడా నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కిండు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో, స్త్రీలలో పూర్ణయే అందరికన్నా చిన్న వయసుది.

ఈ వార్త మనందరికీ తెలుసు. కానీ చాలామందికి ఆఖరి రోజు ఒక్కటే తెలుసు. ముందటి మెట్లు చూడండి.

మొదటి మెట్టు: భువనగిరి. అక్కడి కోట ఉన్నది ఒకే రాతి గుండు మీద. గురుకులాల నుంచి ఎంపిక చేసిన సుమారు నూరు మందికి పైగా పిల్లలకు అక్కడ తాడు పట్టి రాయి ఎక్కుడు నేర్పిండ్రు. గురువు శేఖర్ బాబు. అప్పుడు గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్.

రెండో మెట్టు: డార్జిలింగ్. భువనగిరిలో నేర్చుకున్నవాళ్లలో 20 మందిని అక్కడి పర్వతారోహణ సంస్థకు పంపిండ్రు. మంచు మీద నడక, మంచు గొడ్డలి వాడుక, గాలి పలచగా ఉన్న చోట ఊపిరి తీసుకొనుడు అక్కడ నేర్చుకున్నరు.

మూడో మెట్టు: లడఖ్. అక్కడికి 9 మంది. చలికాలంలో చలికి ఓర్చుకొనే సాధన.

నాలుగో మెట్టు: ఎవరెస్టు. ఇద్దరే. 16 ఏండ్లు నిండని వాళ్లకు నేపాల్ దిక్కు నుంచి అనుమతి లేదు. అందుకని టిబెట్ దిక్కు నుంచి, ఉత్తరం దారిన ఎక్కిండ్రు. వాళ్ల యాత్ర నడుస్తున్నప్పుడే, ఏప్రిల్ 18న, నేపాల్ దిక్కున మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయిండ్రు. కొండ ఎంత ప్రమాదమో పిల్లలకు తెలుసు. తెలిసే ముందుకు పోయిండ్రు.

ఇప్పుడు మొదటి ప్రశ్నను ఇక్కడ కూడా అడగండి. ఎంతమందిలో? నూరు మందికి పైగా రాయి మీద చేయి వేస్తే, అందులో నుంచి ఇద్దరు శిఖరం దాక పోయిండ్రు. మిగిలినవాళ్లు ఓడిపోయినట్టా? కాదు. భువనగిరి రాయి ఎక్కిన ప్రతి ఒక్కరూ నిన్నటి దాక చేతకాని పని ఒకటి నేర్చుకున్నరు. ఆ నూరు మంది లేకుంటే ఇద్దరిని ఎంచే వీలే లేదు.

పూర్ణ ఎవరెస్టుతో ఆగలేదు. ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలను ఒక్కొక్కటి ఎక్కుకుంట పోయి, 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలీతో ఏడూ పూర్తి చేసింది. ఒకటి నుంచి ఏడు దాక ఎనిమిది ఏండ్లు! పేపర్లో రెండు వరుసలు, చేతలో ఎనిమిది ఏండ్లు. మెట్ల సంగతి ఇదే.

మూడో ప్రశ్న: వెనక వచ్చేవాళ్లకు ఏం మిగిలింది?

ఇది జవాబు దొరకడానికి ఎక్కువ కాలం పట్టే ప్రశ్న. దీనికి ఉదాహరణ మన ఆదిలాబాద్‌లోనే ఉన్నది. ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉన్న మార్లవాయి.

1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం అమరుడైండు. భూమి మీద, అడవి మీద హక్కు కోసం ఆ పోరాటం. దాని తర్వాత నిజాం సర్కారుకు గోండుల బాధలు ఏమిటో తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయికి వచ్చి గోండుల మధ్యనే గుడిసెలో ఉన్నరు.

పిల్లలకు బడి పెట్టాలె. కానీ ఒక చిక్కు. సర్కారు చదువు ఉర్దూలో. పిల్లలకు వచ్చేది గోండి. బయటి సార్లకు గోండి రాదు. గోండుల్లో చదువు వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. మరి చెప్పేది ఎవరు?

దానికి దొరికిన ఉపాయం 1943లో మార్లవాయిలో పెట్టిన శిక్షణ కేంద్రం. పిల్లల కన్నా ముందు గోండు యువకులకు చదువు చెప్పి, వాళ్లనే ఉపాధ్యాయులుగా తయారు చేసిండ్రు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చినయి. అక్కడ చదువుకున్నవాళ్లు తమ గూడేల్లో తమ మాటతోనే పిల్లలకు అక్షరాలు దిద్దించిండ్రు. కొందరు సర్కారు కొలువుల్లో కూడా చేరిండ్రు.

మార్లవాయిలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చినయో ఈ రోజు ఎవరికీ గుర్తు లేదు. కానీ నేర్చుకున్నవాడు తిరిగి వచ్చి ఇంకొకరికి నేర్పిండు అనేది మిగిలింది. బెట్టీ ఎలిజబెత్ 1987లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టిండ్రు. అదే మార్లవాయికి చెందిన కనక రాజు గారు గుస్సాడి నృత్యాన్ని తను ఆడుడే కాదు, ఎందరికో నేర్పిండు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూసినా ఆయన నేర్పిన అడుగులు దండారీలో ఇంకా పడుతున్నయి.

కరీంనగర్ దిక్కు నుంచి ఒక మాట. మనం ఇప్పుడు ఉంటున్న పద్ధతి, అంటే బడిలోనే తిండి, నిద్ర, చదువు కలిసి ఉండే గురుకులం, మన రాష్ట్రంలో 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి, అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు గారు. ఒక్క బడితో మొదలైన పద్ధతి ఇన్ని బడులైంది. ఇదీ మూడో ప్రశ్నకు జవాబే.

ఇప్పుడు మన గోడకు వద్దాం

మూడు ప్రశ్నలూ నేర్చుకున్నాం కాబట్టి మన బడి వార్తను కూడా మనమే సరిగ్గా రాద్దాం. ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించినం. దారంతో పెన్సిల్ కట్టి ఉన్నది. ప్రతి తరగతి లీడరు ఈ అయిదు గడులు నింపాలె:

క) మన తరగతిలో మొదట చేరినవాళ్లు ఎంతమంది?
ఖ) ఈ రోజు ఉన్నవాళ్లు ఎంతమంది?
గ) మానినవాళ్లు ఏ ఊర్లవాళ్లు? (పేర్లు గోడ మీద రాయవద్దు. పేర్లు వార్డెన్ గారికి విడిగా ఇవ్వండి.)
ఘ) ఈ సంవత్సరం ఎవరైనా కొత్తగా నేర్చుకున్న పని ఏది? (బహుమతి రాకపోయినా సరే. ఈత, కుట్టు, హార్మోనియం, ఇంగ్లీషులో ఉత్తరం, ఏదైనా.)
ఙ) అది ఎవరికి నేర్పిండ్రు?

వార్డెన్ గారికి, సార్లకు మా మనవి: జూన్‌లో బడి తెరిచిన వారం రోజులకు ఈ కాగితాన్ని మళ్లీ ఒకసారి చూడండి. రాని పేర్లు అప్పుడే తెలుస్తయి. దసరా దాక ఆగితే చేయి దాటిపోతది.

సెలవులకు పోయేవాళ్లు గుర్తు పెట్టుకోవలసినవి

1. పదో తరగతిలో ఒకటి రెండు సబ్జెక్టులు పోతే సంవత్సరం పోయినట్టు కాదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటది. అందులో పాసైతే అదే సంవత్సరం ఇంటర్‌లో చేరవచ్చు. ఫీజు ఆఖరు తేదీ బడిలో అడిగి పోండి.

2. బాసరలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉన్నది. పదో తరగతి ఫలితాల మీదనే సీటు. ఆరేండ్ల చదువు. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నది కాబట్టి మంచి మార్కులు వచ్చినవాళ్లు దరఖాస్తు మరవద్దు.

3. బడి మానిన అన్నలు, అక్కలు ఊర్లో ఉంటే చెప్పండి: ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. సిగ్గు పడే పని ఏమీ లేదు.

4. అమ్మాయిలకు ప్రత్యేకంగా: 18 ఏండ్లు నిండకముందు పెళ్లి చట్టం ఒప్పుకోదు. ఇంట్ల ఆ మాట వస్తే మేడంకు కబురు చేయండి. 1098 నంబరుకు ఎవరి ఫోన్ నుంచైనా చేయవచ్చు, డబ్బులు పడవు.

5. పత్తి పని ఉంటే తొందరగ మొదలుపెట్టి సాయం చేయండి. కానీ బడి తెరిచే తేదీని ఇంట్ల గోడ మీద బొగ్గుతో రాసి పెట్టండి. అమ్మకు, నాన్నకు, అవ్వకు, తాతకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ముందుగ చెప్పిన మాటకు విలువ ఎక్కువ.

6. మీ ఊరి నుంచి ఇంకొకరు మన బడిలో ఉంటే ఇద్దరూ ఒక్కటే బస్సులో రండి. ఒకరు రాకపోతే ఇంకొకరు వాళ్ల ఇంటి దాక పోయి పిలవండి.

అభ్యాసం

1. ఒక తరగతిలో 50 మంది చేరిండ్రు. 40 మంది పరీక్ష రాసి 38 మంది పాసయిండ్రు. గోడ మీద వచ్చే శాతం ఎంత? చేరినవాళ్ల నుంచి చూస్తే ఎంత?
2. పూర్ణ, ఆనంద్‌ల వార్తలో నాలుగు మెట్లు ఏవి? వరుసగా రాయండి.
3. మార్లవాయిలో పిల్లల కన్నా ముందు పెద్దవాళ్లకు చదువు ఎందుకు చెప్పిండ్రు?
4. మీరు నేర్చుకున్న పని ఒకటి సెలవుల్లో మీ ఊర్లో ఎవరికి నేర్పుతరు? నాలుగు వాక్యాల్లో రాసి తీసుకురండి. మంచివి నాలుగు జూన్ పత్రికలో వేస్తాం.

(మొదటి ప్రశ్నకు జవాబు: 95 శాతం, 76 శాతం. ముందు మీరు చేసి, తర్వాతనే సరిచూసుకోండి!)

మిత్రులారా! ఫలితాలు పేపర్లో వస్తయి. కానీ మన బడికి అసలు ఫలితం జూన్‌లో బడి తెరిచిన నాడు ప్రార్థన వరుసలో కనిపిస్తది. ఇప్పుడు ఎంతమందిమి నిలబడుతున్నమో అప్పుడూ అంతమందిమి నిలబడితే, ఆ రోజు ఈ గోడ మీద మొదటి వార్త అదే.

అందరికీ సెలవుల శుభాకాంక్షలు. క్షేమంగా పోయి, అందరూ తిరిగి రండి.