పెన్ను మాత్రం అక్క చేతికి ఇవ్వకండి

మనలో చాలామందికి తెలుగు ఇంటి భాషే గానీ బడిలో రాసిందంతా తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టంతో తమిళనాడు బళ్లలో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ వచ్చింది. అందుకే ఇక్కడ తెలుగు వ్యాసం అనగానే చెయ్యి ఆగిపోతుంది.

సీనియర్ అక్కని అడగండి. కానీ "అక్కా, కాస్త దిద్దిపెట్టవా" అని కాగితం ఇచ్చేసి క్యాంటీన్‌కి పోకండి. పక్కన కూర్చుని మీరే పైకి చదవండి. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ అలవాటులో "గాలి" అనుకుంటూ "కాలి" అని రాస్తాం. పైకి చదివితే చెవి పట్టేస్తుంది. ఖ, ఘలతోనే చిక్కు. "గది ఖాళీగా ఉంది" బదులు "కాళీగా ఉంది" అని రాస్తే గదిలో అమ్మవారు వెలిసినట్టే! మాటల్లో మనం ఖ ఒత్తి పలకం కదా, చెవికి దొరకదు. నిఘంటువు చూడాల్సిందే.

తప్పున్న చోట అక్క వేలు పెట్టి చూపిస్తే చాలు, సరైన మాట మీరే వెతికి రాయాలి. వాక్యం అర్థం కాకపోతే "ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావే?" అంటుంది. అప్పుడు నోటితో ఏం చెప్పారో వెంటనే అదే రాసేసుకోండి. చాలాసార్లు కాగితం మీదున్న దానికన్నా అదే బాగుంటుంది.