విమానం ఎంత దూరం? ఎంతసేపు?



నేను మన హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతుండగా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరికాయ ఒలిచే నాన్న, టిక్కెట్టు చదవమని నా చేతికిచ్చారు. హైదరాబాద్‌లో బయలుదేరేది ఉదయం 8.00, కువైట్ చేరేది 10.15 అని ఉంది. "రెండుంపావు గంటల్లో దిగిపోతుంది నాన్నా" అన్నాను. పదిన్నర అయింది, పన్నెండయింది, ఫోన్ రాలేదు. నాన్న పనికి పోలేదు, అన్నం ముట్టలేదు. రెండింటికి అమ్మ గొంతు వినిపించింది. విమానం ఆలస్యం కాలేదు. తప్పు నా లెక్కలోనే ఉంది. అందుకే ఈ పాఠం.

1. దూరం: మనకు దగ్గరి విమానాశ్రయం రాజమండ్రి పక్కన మధురపూడి. అక్కడి నుంచి తిరుపతి దగ్గరి రేణిగుంటకు దూరం కడదాం.

మధురపూడి: అక్షాంశం 17.11, రేఖాంశం 81.82
రేణిగుంట: అక్షాంశం 13.63, రేఖాంశం 79.54

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కి.మీ. అక్షాంశాల తేడా 3.48 × 111 = 386 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కనుక మన ప్రాంతంలో 0.96తో గుణించాలి. 2.28 × 111 × 0.96 = 243 కి.మీ. ఇక పైథాగరస్ సిద్ధాంతమే. 386, 243ల వర్గాల మొత్తానికి వర్గమూలం 456 కి.మీ. రైలు విజయవాడ, గూడూరుల మీదుగా చుట్టి వెళ్తుంది కనుక సుమారు 535 కి.మీ. అవుతుంది.

2. కాలం: ఏటీఆర్ వంటి చిన్న విమానం గంటకు సుమారు 500 కి.మీ. పోతుంది. అంటే 55 నిమిషాలు. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం కలిపితే గంటంపావు. కానీ అంబాజీపేట నుంచి మధురపూడికి రెండు గంటలు, ముందుగా చేరడానికి గంటన్నర, దిగాక సామాను, ఊళ్ళోకి ప్రయాణం మరో గంట. మొత్తం ఆరు గంటలకు దగ్గర. గాలిలో గడిపేది అందులో అయిదో వంతే!

3. గడియారం: నేను మరిచిపోయింది ఇదే. టిక్కెట్టు మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ మనకంటే 2.30 గంటలు వెనుక. దుబాయ్, మస్కట్ 1.30 గంటలు వెనుక. కువైట్‌లో 10.15 అంటే మనకు 12.45. కనుక అసలు ప్రయాణం 4.45 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు టిక్కెట్టు మీద కనిపించే వ్యవధిలోంచి 2.30 తీసెయ్యాలి.

దూరంతో సరిచూడండి. హైదరాబాద్ - కువైట్ సుమారు 3,370 కి.మీ. (ఇంత దూరానికి భూమి గుండ్రదనం లెక్కలోకి వస్తుంది, పైథాగరస్ చాలదు.) జెట్ విమానం గంటకు 800 కి.మీ. చొప్పున పోయినా నాలుగు గంటలు దాటుతుంది. రెండుంపావు గంటల్లో చేరడం అసాధ్యమని ఆ రోజే తెలిసి ఉండాల్సింది. లెక్కకు వచ్చిన జవాబు నమ్మదగినదేనా అని ఇంకో దారిలో చూసుకోవడమే అసలు గణితం.

మా ఇంట్లో డిగ్రీ దాటినది నేనొక్కణ్ణే. మీలో చాలామంది ఇళ్ళలోనూ టిక్కెట్టు చదివేది మీరే అవుతారు. చదివి, మీ నాన్నకు సరైన గంట చెప్పండి. ఆయన వేళకు అన్నం తింటారు.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (గణితం)