బాతుర్ అగ్నిపర్వతం ఎక్కాలంటే...

బాలి వెళ్లే మనవాళ్లలో చాలామందికి బాతుర్ కొండెక్కి సూర్యోదయం చూడాలని ఉంటుంది. 1,717 మీటర్ల ఈ కొండ ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం. 1926లో దీని లావా బాతుర్ ఊరినే కప్పేసింది. 2000లోనూ పేలింది. కాబట్టి షూ, కెమెరా, హోటల్ సంగతి తర్వాత. ముందు కొండ ఎలా ఉందో కనుక్కోండి.

‘మాగ్మా ఇండోనేషియా’ వెబ్‌సైట్‌లో అక్కడి ప్రభుత్వం ఒక్కో అగ్నిపర్వతానికీ హెచ్చరిక స్థాయి ప్రకటిస్తుంది. మొత్తం నాలుగు స్థాయిలు. మొదటిది ‘నార్మల్’. అది ఉంటేనే బయల్దేరండి. రెండోదేగా, ఫర్వాలేదులే అనుకోవద్దు. సుమత్రాలోని మరాపి రెండో స్థాయిలో ఉండగానే 2023 డిసెంబరు 3న పేలింది. కొండెక్కినవారిలో 20 మందికి పైగా చనిపోయారు.

మొదటి స్థాయి ఉందని కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. జపాన్‌లోని ఒంటాకే 2014 సెప్టెంబరు 27న ఆ దేశపు హెచ్చరికల్లో మొదటి స్థాయిలో ఉండగానే పేలి 63 మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడ లావా పొంగలేదు. లోపలి వేడికి భూమిలోని నీరు ఆవిరై ఒక్కసారిగా బద్దలైంది. ఇలాంటి పేలుళ్లకు ముందస్తు సూచనలు చాలా తక్కువ. అందుకే బిలం అంచున ఎక్కువసేపు కాలక్షేపం చేయకూడదు.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ, అప్పుడు వెళ్లండి. తిరుగు ప్రయాణానికి ముందు ఒకట్రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. 2017 నవంబరులో పక్కనే ఉన్న అగుంగ్ బూడిద చిమ్మితే బాలి విమానాశ్రయాన్నే మూసేశారు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అగ్నిపర్వతం ఎక్కడం అందులోకి వస్తుందో లేదో చదివి చూసుకోండి. స్థానిక గైడ్ తప్పనిసరి.

ఎక్కడానికి దాదాపు రెండు గంటలు. అలిపిరి మెట్లు ఆగి ఆగి ఎక్కగలిగినవారు దీన్నీ ఎక్కగలరు. కాకపోతే ఇక్కడ మెట్లుండవు, తెల్లవారుజామున నాలుగింటికి చీకట్లో నడక. పై భాగంలో నల్లటి లావా గులకరాళ్లు అడుగు వేస్తే జారిపోతుంటాయి. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త, మడమ గట్టిగా దించి చిన్న చిన్న అడుగులు వేయాలి. పట్టున్న షూ, తలకు కట్టుకునే లైటు, స్వెట్టర్, నీళ్లు, మాస్కు దగ్గరుంచుకోండి. ఉబ్బసం ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా వెళ్లొద్దు.

పైన రాళ్ల సందుల్లోంచి ఆవిరి వస్తుంటుంది. గైడ్లు అందులో కోడిగుడ్లు ఉడికించి పెడతారు. తినండి, ఆ సందుల్లో చెయ్యి మాత్రం పెట్టొద్దు. ఫొటో కోసం బిలంలోని పల్లపు చోట్లకు దిగొద్దు. గాలికన్నా బరువైన కార్బన్ డయాక్సైడ్ అలాంటి చోట్లే పేరుకుంటుంది.

గైడ్ వెనక్కి తిరుగుదామంటే బేరమాడకండి. వెంటనే దిగిపోండి.